శామ్యూల్ కిడ్నీలో రాయి

నాచారం
9 జూన్ 2026, మంగళవారం

పొద్దున మబ్బు, చినుకు లేదు. కూలర్ గడ్డి తీసి, తొట్టి కడిగి, తుడిచి, అటక మీద పెట్టాను.

అక్కకు,

నువ్వు ఫోన్ చేసి ఉంటావు. తీయలేదని కోపంగా కూడా ఉండి ఉంటావు. ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టాను. ఎందుకో రాస్తున్నాను.

పోయిన వారం నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అందరికీ నా పేరు తెలుసు. మొదటివాడు, "శామ్యూల్ గారేనా అండీ? కిడ్నీలో రాయి ఎన్ని మిల్లీమీటర్లండీ?" అని అడిగాడు. రాయిని కరిగించే పొడి వాళ్ల దగ్గర ఉందట. తర్వాత ఒక లేజర్ దవాఖానా నుంచి చేశారు. ఇంకొకడు అరటి దవ్వ రసం సీసాల్లో ఇంటికే పంపుతానన్నాడు. వద్దంటే, "జర ఆలోచించు అన్నా, రాయి పెద్దగైతే మస్తు తక్లీఫ్ అయితది" అని కొంత బెదిరించాడు. ఒకామె మాత్రం ఏమీ అమ్మలేదు. నేను శామ్యూలేనని తేలగానే ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో పెట్టేయడం మర్యాద కాదని ఆమెన్ దాకా ఆగాను. ఏం అమ్ముతుందో రెండోసారి చేసినప్పుడు చెబుతుందనుకుంటాను.

పోయిన నెల నేను ఉప్పల్‌లో, మెట్రో స్టేషన్ పక్కనున్న పరీక్షల సెంటరుకు వెళ్లాను. ఆ సంగతి తెలిసినవాళ్లు నేను, నువ్వు, ఆ సెంటరు. నువ్వు నెంబర్లు అమ్ముకునే మనిషివి కాదు. కాబట్టి సెంటరే.

మనుషుల సొంత సమాచారం గురించి కొత్త చట్టం ఒకటి వచ్చింది. ఇంగ్లీషు ప్రతి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మన వివరాలు ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. ఇంకొకరికి ఇవ్వాలంటే మన సమ్మతి ఉండాలి. వాళ్ల దగ్గర మన గురించి ఏముందో, ఎవరికిచ్చారో మనం అడగొచ్చు. తప్పుంటే దిద్దమనొచ్చు, అక్కర్లేదనుకుంటే తుడిచేయమనొచ్చు. ఆ చట్టంలో నాలాంటి వాణ్ణి డేటా ప్రిన్సిపల్ అంటారు. ఇవన్నీ రాసి సెంటరుకు స్పీడ్ పోస్టు చేశాను. దిద్దమనే మాట కూడా చేర్చాను. అది ఎందుకో ఇక్కడ అవసరం లేదు.

ఈ గొడవ తేలేదాకా ఏదైనా ఉంటే ఉత్తరం రాయి. ఫ్యాక్టరీలో స్టోర్ పని మామూలుగానే ఉంది. నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు
శామ్యూల్


జనగామ
13 జూన్, శనివారం

తమ్ముడు శామ్యూల్‌కు, ప్రభువు కృప నీ మీద ఉండాలి. నీ ఫోన్ మీద కూడా ఉండాలి.

పోస్ట్‌మ్యాన్ నీ కవరు నా చేతిలో పెట్టి, "ఏందమ్మా, ఉత్తరమొచ్చింది, ఎవరన్న పోయిన్రా?" అని అడిగాడు. గుమ్మంలోనే నిలబడి కవరు చించి చదివాను. ఇంకోసారి రాసేటప్పుడు కవరు మీదనే 'అందరం క్షేమం' అని రాయి.

ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి ప్రిన్సిపల్‌ని చేసిన ఆ చట్టం ఏం చట్టమో నాకు తెలియదు. ఇరవై ఆరేళ్లు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా పనిచేసినా నన్నెవరూ ప్రిన్సిపల్ అనలేదు. కానీ నువ్వు చేసింది మంచి పని. జబ్బు మనిషి వివరాలు బజార్లో పెట్టడం ఎంత పాపం! వాళ్లను వదలకు.

నీళ్లు బాగా తాగు. ఉలవచారు కాచుకో. టమాట గింజలు తీసేసి వండుకో. ఒక్కడివే ఉంటావు, నిన్ను చూసేవాళ్లెవరు? పెండ్లి చేసుకోమంటే ఊఁ అని ఊరుకున్నావు. ఇక్కడ మా సంఘమంతా నీ కోసం ప్రార్థిస్తోంది. మా స్త్రీల సమాజంలోని రోజీ అయితే మరీ. బొంబాయిలో ఉండే వాళ్ల ఆడపడుచు కూడా నీ పేరు పట్టుకుని మోకరిస్తోందట. నీకు తెలియనివాళ్లు ఎంతమంది నీ గురించి ఆలోచిస్తున్నారో చూడు.

నీ అక్క
దోర్కా


నాచారం
18 జూన్, గురువారం

సాయంత్రం గాలి, తర్వాత కాసేపు వాన. గొడుగు కాడ ఊడితే తీగతో కట్టాను.

అక్కకు,

అందరం క్షేమం. కవరు మీద కూడా రాశాను.

నిన్న ఉప్పల్ వెళ్లాను. సెంటరు మేనేజరు పేరు రంజిత్, చిన్నవాడే. నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"అంకుల్, మీ ఉత్తరం చూసి మా హెడ్డాఫీసోళ్లు పరేషాన్ అయిన్రు. రెండొందల యాభై కోట్ల జరిమానా అని రాసిన్రు మీరు."

"చట్టంల ఉన్నదే రాసిన."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఎవలు చేసిన్రో దొరికిన్రు. కౌంటర్ల మీ నెంబర్ ఎక్కించింది ధనశ్రీ అనే పిల్ల. తీసేసినం."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకోలే. అసలేం మాట్లాడలే. మాట్లాడలేదంటెనే సమజైతలేదా?"

నేనూ పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఆ మాట అతనితో అనలేదు. టీ తాగి వచ్చేశాను. వాళ్ల దగ్గర నా వివరాలు ఏమున్నాయో రాతపూర్వకంగా పంపుతామన్నారు.

బీరువాలోంచి ఫోన్ తీసి ఒకసారి ఆన్ చేశాను. నా చేతిలో ఉండగానే మోగింది. అరటి దవ్వ మనిషే. మళ్లీ ఆపేశాను.

నీ తమ్ముడు
శామ్యూల్


జనగామ
22 జూన్, సోమవారం

తమ్ముడికి, దేవుడు న్యాయవంతుడని నీ ఉత్తరం చదివాక మళ్లీ అనుకున్నాను.

ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్లకు బుద్ధి వస్తుంది. నా హాస్టల్లో కూడా ఒకతె ఉండేది. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆవిరి పట్టి తెరిచేది. అడిగితే ఇట్లాగే, నోట్లో నాలుక లేనట్టు నిలబడేది.

నిన్న గుడిలో ఆరాధన అయ్యాక మన స్త్రీల సమాజంలో నీ సంగతి చెప్పాను. అందరూ ముక్కున వేలేసుకున్నారు. రోజీ అక్కడికక్కడే ఫోన్ తీసి ప్రార్థన గొలుసులో పెట్టింది. గొలుసు అంటే వాట్సాప్ గ్రూపు. ఉప్పల్‌లో ఫలానా సెంటరు, ధనశ్రీ అనే పిల్ల రోగుల నెంబర్లు అమ్ముకుంటోంది, జాగ్రత్తపడండి అని. పది మందికీ తెలిస్తే పది మంది బాగుపడతారు. నీ పుణ్యాన ఎంతమందికి మేలు జరిగిందో!

మాత్రలు వేసుకుంటున్నావా? రాయి కదిలిందా?

నీ అక్క
దోర్కా


నాచారం
27 జూన్, శనివారం

రాత్రంతా ముసురు. పొద్దున కిటికీ కింద చేరిన నీళ్లు తుడిచి, గోనెసంచి పరిచాను.

అక్కకు,

సెంటరు వాళ్ల జవాబు వచ్చింది. నా గురించి వాళ్ల దగ్గరున్నవన్నీ రాసి పంపారు. పేరు, వయసు, ఫోన్ నెంబరు, ఒక రక్త పరీక్ష, ఒక స్కానింగ్. ఎవరికీ ఇవ్వలేదని కూడా రాశారు. స్కానింగ్ రిపోర్టులో రెండు కిడ్నీలూ బాగున్నాయని ఉంది. రాయి లేదు.

లేదని నాకు మొదటి నుంచీ తెలుసు. నేను పరీక్షకు వెళ్లింది దానికి కాదు. ఫోన్లలో అందరూ రాయి అంటుంటే, సెంటరు వాళ్లు ఇంకొకరి రిపోర్టు నా పేరు మీద అమ్మారనుకున్నాను. అమ్మడం ఒక తప్పు, తప్పుడు సరుకు అమ్మడం ఇంకో తప్పు అని రెండూ ఫిర్యాదులో రాశాను. ఇప్పుడు వాళ్ల కాగితాల్లో రాయి ఎక్కడా లేదు. లేనిదాన్ని ఎట్లా అమ్ముతారు? రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను.

నిన్న సాయంత్రం ఒకామె ఇంటికి వచ్చింది. నాచారం చౌరస్తాలో ఇడ్లీ బండి పెట్టుకున్న సత్యవేణి. కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లు. నేను ఫ్యాక్టరీకి వెళుతూ రోజూ ఆమె దగ్గరే తింటాను. ధనశ్రీ ఆమె కూతురు. ఆ సంగతి నాకు తెలియదు.

"నా ఇల్లు ఎవరు చెప్పిన్రు? మీ బిడ్డనా?" అని అడిగాను.

"అదా? అది చెప్పదండి. నేను సెంటరుకెళ్లి అడిగితే, మేనేజరు గారు నా ముందే మీ పేరు గట్టిగా చదివారండి, నాచారం శామ్యూలని. బండి దగ్గర మిమ్మల్ని అందరూ శామ్యూలన్నా అనే కదండీ పిలుస్తారు. మీ వెనకాలే నడిచొచ్చేశాను."

నా పేరు అలా చదవడం కూడా చట్టం ఒప్పుకోదు. ఆ మాట అప్పుడు అనాలనిపించలేదు.

"మీ జబ్బేంటో మాకు తెలీదండి. కోపంలో నేనే అడిగాను, ఆ పెద్దాయనకి ఏం జబ్బే, ఇంత గొడవ చేశాడు అని. 'పేషెంటు సంగతి నీకెందుకమ్మా' అని నా మీదే ఎగిరింది. అలాంటిది, అమ్ముకుంటుందాండీ?"

వేరే ఉద్యోగం కోసం ధనశ్రీ బోడుప్పల్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లిందట. అక్కడి డాక్టరమ్మ పేరు వినగానే ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించి పంపేసిందట. సైనిక్‌పురిలోనూ అంతే. ఆ మెసేజ్ సత్యవేణి నాకూ చూపించింది. 'ప్రభువునందు ప్రియ సహోదరీలారా' అని మొదలవుతుంది. అది మీ గొలుసులోదే.

"ఇంక ఈ ఊళ్లో దీనికి ఉద్యోగం ఎవరిస్తారండీ? పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా ఫోన్లు చూస్తారు కదండీ" అని, ఏడవకుండా, బండి దగ్గర చిల్లర అడిగినట్టే అడిగింది.

అక్కా, రాయి అన్న మాట ఎక్కడ పుట్టింది? నా నెంబరు ఆ గొలుసులో ఉందా? సూటిగా రాయి.

శామ్యూల్


జనగామ
1 జూలై, బుధవారం

శామ్యూలూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న జరిగింది ముందు చెబుతాను.

నీ ఉత్తరం నేను మంగళవారం ప్రార్థన కూటానికి బయలుదేరుతుంటే వచ్చింది. మొదటి పేజీలో 'రెండు కిడ్నీలూ బాగున్నాయి, రాయి లేదు' అన్నదాకా చదివి, మడిచి బైబిల్లో పెట్టుకుని పరుగెత్తాను. అక్కడ లేచి సాక్ష్యం చెప్పాను. నా తమ్ముడి రాయి ప్రార్థనతో కరిగిపోయిందని. అందరూ చప్పట్లు కొట్టారు. రోజీ గొలుసులో పెట్టింది. ఇంటికి వచ్చి, అన్నం పెట్టుకుని, మిగతాది చదివాను. అన్నం తినలేదు.

నెంబరు ఇచ్చింది నేనే. కూటంలో ప్రార్థన మనవులు అడుగుతారు. పేరు, ఊరు, జబ్బు చెప్పాలి. ఎప్పటి నుంచో అంతే. ఫలానా ఆమె గర్భసంచి, పాస్టరు గారి మూలశంక, అన్నీ పేర్లతో సహా దేవునికి అప్పగిస్తాం. నీ వంతు వచ్చినప్పుడు రోజీ, "అక్కా, నెంబర్ గూడ ఇయ్యి, ఫోన్లనే ప్రార్థన జేస్తరు" అంది. ఇచ్చాను. ఆ గొలుసులో ఎవరెవరు చేరారో రోజీకే తెలియదు. పొడులు అమ్మేవాళ్లు కూడా సహోదరులేనేమో.

కానీ రాయిని నేను కల్పించలేదు. మే నెలలో ఫోన్ చేసి, "స్కానింగ్ ఎందుకురా? ఏంది, రాయా?" అని అడిగాను. నువ్వు ఊఁ అన్నావు. గుర్తు తెచ్చుకో.

రాయి కాకపోతే ఏంది మరి? నెల రోజులుగా దేవునికి తప్పు జబ్బు చెబుతున్నాను. ఆయన వెతుక్కుని ఉంటాడు.

ఆ పిల్లకు అన్యాయం చేసింది మేమే. ఏం చేయాలో నువ్వే రాయి.

దోర్కా


నాచారం
4 జూలై, శనివారం

ఎండ. దుప్పట్లు ఆరేశాను.

అక్కకు,

నేను ఊఁ అన్నది నిజం. నోరు తెరిచి చెప్పిన మాట కాదు కాబట్టి లెక్కలో పెట్టుకోలేదు. రాయి అంటే ఎవరూ తర్వాత ప్రశ్న అడగరు, అందుకే ఊఁ అని ఉంటాను.

రంజిత్ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. "గట్ల నడవదు అంకుల్. ఎవలి కెల్లి పోయిందో పేరుతోని రాసియ్యాలె. లేకుంటే ఆ పిల్లనే అని ఫైల్ల ఉండిపోతది" అన్నాడు.

నీ పేరు ఇంకొకరికి చెప్పాలంటే నీ సమ్మతి కావాలి. అడుగుతున్నాను. ఎవరికి: రంజిత్‌కు, వాళ్ల హెడ్డాఫీసుకు. ఎందుకు: ధనశ్రీకి మళ్లీ ఉద్యోగం ఇవ్వడానికి. ఇంకెక్కడా వాడను. నీకు ఇష్టం లేకపోతే కాదనొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. కాదంటే ఏం చేయాలో నేనింకా ఆలోచించలేదు.

గొలుసులో ఆమె పేరు మీద పెట్టింది కూడా దిద్దాలి. అది నా చేతిలో లేదు. నువ్వు స్త్రీల సమాజానికి సెక్రటరీవి. అందరి ముందూ ఆ మాట అనడం నీకెంత కష్టమో నాకు తెలుసు.

శామ్యూల్


జనగామ
7 జూలై, మంగళవారం

ప్రిన్సిపల్ గారికి,

సమ్మతి. వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆధార్ జిరాక్సు కూడా జత చేశాను. వద్దనుకుంటే చించెయ్.

ఈరోజు కూటంలో మనవులు మొదలవకముందే లేచాను. నా తమ్ముడికి రాయి లేదు, ఎప్పుడూ లేదు, నెంబరు బయటికి పోయింది నా వల్లనే, ధనశ్రీ అనే పిల్ల ఏ తప్పూ చేయలేదు అని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇదే మాట గొలుసులో పెట్టమన్నాను.

రోజీ, "అక్కా, గీడ చెప్పినవ్ సాలు. గొలుసుల ఎందుకు? సమాజం ఇజ్జత్ పోతది" అంది.

"ఆ పిల్ల ఇజ్జత్ పోయిన్నాడు మనమంతా ఆమెన్ అన్నం గద" అన్నాను.

పెట్టింది. నేను పక్కనే నిలబడి పెట్టించాను. ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ మళ్లీ పంపమని ఒక్కొక్కరినీ అడిగాను, హాస్టల్లో హాజరు పిలిచినట్టు. ఇంక నుంచి ఎవరి జబ్బూ వాళ్లను అడగకుండా చదవొద్దన్నాను. సెక్రటరీగా ఇంకొకరిని చూసుకుంటారేమో. చూసుకోనీ.

ఇప్పుడు నా వంతు. నీకు ఏం జబ్బో నాకు చెప్పు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. నా దగ్గర సిగ్గేంది?

నీ అక్క
దోర్కా


నాచారం
14 జూలై, మంగళవారం

తెల్లవారుజామున పెద్ద వాన, ఇప్పుడు తెరిపి. వంటింట్లో కుళాయి కారుతుంటే వాషర్ మార్చాను. మేడ మీద ట్యాంకుకు మోటారు వేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

అక్కకు,

శనివారం నీ కాగితం రంజిత్‌కు ఇచ్చాను. ఆధార్ జిరాక్సు ఇవ్వలేదు, ఆ పనికి అది అక్కర్లేదు. అతను చదివి, ఫైల్లో పెట్టుకున్నాడు.

"అంకుల్, ఒక మాట చెప్పాలె. మా లాయర్‌ని అడిగినం. మీరు రాసిన హక్కులు ఇంకా అమల్లకే రాలేదంట. వచ్చే ఏడాదంట."

నేను చట్టం చదివాను కానీ తేదీలు ఉన్న కాగితం చదవలేదు. ఆ తప్పు నాదే.

"మరి అమలుల లేని చట్టానికి ఆ అమ్మాయిని ఎందుకు తీసేసిన్రు?"

"రెండొందల యాభై కోట్లంటె భయం గాదా అంకుల్?"

"ఆమెకు ఎంత ఇస్తరు నెలకు?"

అది ఆమె సొంత సమాచారం అన్నాడు. నేర్చుకున్నాడు. హెడ్డాఫీసుకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. నువ్వు గొలుసులో పెట్టించిన దిద్దుబాటు అప్పటికే అతని మేనత్త ద్వారా అతని ఫోన్‌కు కూడా వచ్చి ఉంది. అది కూడా హెడ్డాఫీసుకు పంపాడు.

నిన్న సోమవారం ధనశ్రీ కౌంటర్లో కూర్చుంది. నా రక్త పరీక్ష మళ్లీ చేయించాల్సి ఉంది కాబట్టి సాయంత్రం వెళ్లాను. ఏం అనాలో దారిలో అనుకుంటూ వెళ్లాను. "ఆ రోజు మీ మేనేజర్ అడిగినప్పుడు మీరెందుకు మాట్లాడలేదమ్మా?" అని అడిగాను.

"మీ ఫైల్ తెరిచి చూపిస్తే రాయి లేదని, ఆ మాట మా దగ్గర్నుంచి పోలేదని తెలిసిపోయేదండి. కానీ అక్కడ అందరూ నిలబడి ఉన్నారు కదండీ. మీ రిపోర్టు అందరి ముందు ఎలా తెరవనండీ?" అంది. కంప్యూటర్ వైపు చూస్తూనే అంది.

నేను రసీదు అడిగాను.

"ఫోన్ నెంబర్ చెప్పండి సర్. రిపోర్టు వచ్చిందని ఒక్క మెసేజ్ వస్తుంది. ఇంక దేనికీ వాడం. ఇష్టమైతేనే చెప్పండి."

చెప్పాను. తప్పు పడకుండా రెండుసార్లు చెప్పాను. ఈరోజు పొద్దున బండి దగ్గర సత్యవేణి నా ప్లేటులో ఒక ఇడ్లీ ఎక్కువ వేసింది. మొత్తం తిన్నాను.

ఇక నువ్వు అడిగింది. ప్రోస్టేట్ అని మగవాళ్లకు ఒక గ్రంథి ఉంటుంది, మూత్రం సంచి కింద. అది పెరిగింది. రాత్రిళ్లు చాలాసార్లు లేవాల్సి వస్తుంది. డాక్టరు మాత్రలు ఇచ్చాడు. చెడ్డది కాదనే అనుకుంటున్నాడు, నిన్నటి రక్త పరీక్ష చూసి గట్టిగా చెబుతానన్నాడు. భయం ఉంది. ఇదంతా నీకు ఫోన్‌లో చెప్పలేకపోయాను. ఆడమనిషివి, అందులో అక్కవి. ఊఁ అన్నాను.

ఈ సంగతి నీకు సమ్మతితో ఇస్తున్నాను. దేవునికి చెప్పొచ్చు. జబ్బు పేరు సరిగ్గా చెప్పు, ఈసారి వెతుక్కోనక్కర్లేదు. రోజీకి వద్దు, కూటంలో వద్దు. ఇంట్లో, తలుపు వేసుకుని చెప్పు. నా నెంబరు ఆయనకు ఇవ్వనక్కర్లేదు.

మేడ మీద నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, ట్యాంకు నిండి కారుతున్నట్టుంది. మోటారు ఆపాలి, ఇక ఉంటాను.

నీ తమ్ముడు
శామ్యూల్